గేటు కాడ ఉన్న నంబరు

ఆ అపార్టుమెంటు నాకు నచ్చింది ఇంటిని చూసి కాదు, గేటును చూసి. ఇల్లు మామూలుదే. హాల్లో మధ్యాహ్నం పూట కూడా లైటు వేసుకోవాలి. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. కానీ కింద నల్లటి ఇనప గేటు, పక్కనే సెక్యూరిటీ గది, అందులో యూనిఫారం వేసుకున్న మనిషి. అడగకుండా ఎవరూ లోపలికి రాలేరు. చిన్నపిల్లలు వాళ్ళంతట వాళ్ళు బయటికి పోలేరు. నాకు అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

అంతకు ముందు మేము ధర్మవరంలో ఉండేవాళ్ళం. మగ్గాల వీధిలో చిన్న పోర్షన్. తలుపు తీస్తే కాలు నేరుగా వీధిలోనే పెట్టాలి. ఒకరోజు నేను వెనకాల బట్టలు ఉతుకుతుంటే మా బ్లెస్సీ చెప్పులు కూడా లేకుండా మెయిన్ రోడ్డు దాకా నడిచిపోయింది. లారీలు తిరిగే రోడ్డు. మగ్గం నేసే ఆయనెవరో చంకనేసుకుని, ఎవరి బిడ్డ ఎవరి బిడ్డ అని ఇంటింటా అడుగుతూ తెచ్చి ఇచ్చాడు. దానికప్పటికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా లేదు. కుక్కరు విజిల్ వేసినా గుండె అదిరేది. మా ఆయన తిరుపాల్‌కు పెనుకొండ దగ్గర కార్లకు సీట్లు చేసే కంపెనీలో పని దొరికింది. కంపెనీ బస్సు హిందూపురం నుంచి ఉందని తెలిసినప్పుడు నేను ఒక్కటే మాట చెప్పాను. గేటున్న ఇల్లైతేనే వస్తానన్నాను.

రెండో అంతస్తులో 204. ఓనరు బెంగుళూరులో ఉంటాడు, ఫోన్లోనే మాట్లాడాడు. సామాను దించిన రోజు సెక్యూరిటీ ఓబుళప్ప మాకు అక్కడి పద్ధతి చెప్పాడు. ఆయనది మడకశిర పక్క. వయసు మీద పడ్డ మనిషి, మాటకు ముందు నవ్వుతాడు. ఎవరొచ్చినా గేటు దగ్గరే ఆపి, తన గదిలో ఉన్న ఫోన్ నుంచి ఆ ఇంటికి ఫోన్ చేస్తాడు. ఇంటివాళ్ళు పంపించమంటేనే గేటు తీస్తాడు. ఆ ఫోన్లో మనుషుల పేర్లు ఉండవు, ఇంటి నంబర్లే ఉంటాయి. మా నంబరు ఇవ్వాలా అని తిరుపాల్ అడిగితే ఓబుళప్ప ఫోన్ నొక్కి చూసి, "204 కదా సార్, ఉండాది ఈడ నంబరు. కావాలంటే అమ్మ నంబరు కూడా చెప్పు, సెక్రటరీ సార్‌ను ఎక్కిచ్చమంటా" అన్నాడు.

"ఆడోళ్ళ నంబరు గేటు కాడ ఎందుకులేప్పా," అన్నాడు తిరుపాల్. "ఒకటి ఉండాది కదా, చాలు."

నాకు అది తప్పుగా తోచలేదు. మావైపు నలుగురు మగవాళ్ళు వచ్చిపోయే చోట ఆడమనిషి నంబరు ఎవరూ రాయించరు. రేషన్ షాపులో, గ్యాస్ ఆఫీసులో, చివరికి అంగన్‌వాడీలో కూడా మా ఆయన నంబరే ఉండేది. ఓనరే ఆయన నంబరు ముందుగా ఇచ్చి ఉంటాడని మేమిద్దరం అనుకున్నాం. అడగాలని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

మొదట్లో చాలా బాగుండింది. తిరుపాల్‌ది ఎక్కువగా మధ్యాహ్నం షిఫ్టు. డ్యూటీలో ఉన్నప్పుడు ఫోన్ చేయొద్దని ముందే చెప్పాడు, సూపర్‌వైజర్ తిడతాడేమోనని నేను చేసేదాన్ని కాదు. అయినా ఆయన నా పక్కనే ఉన్నట్టుండేది. గ్యాసు సిలిండర్ వస్తే గేటు తెరుచుకునేది. పిల్లలకు విటమిన్ చుక్కలు వేసే ఆమె వస్తే తెరుచుకునేది. వాటర్ ఫిల్టర్లు అమ్మే కుర్రవాళ్ళు వస్తే మాత్రం తెరుచుకునేది కాదు. నేను బాల్కనీలో నిలబడి చూసేదాన్ని. ఓబుళప్ప ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని తల ఊపేవాడు, వాళ్ళు సంచులు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అంత పనిలో ఉండి కూడా మా ఆయన మమ్మల్ని కనిపెట్టుకుని ఉన్నాడు కదా అని నాకు లోపల గర్వంగా ఉండేది.

మా అమ్మ బుక్కపట్నం నుంచి చెరువు చేపలు వేయించి డబ్బాలో పెట్టుకుని వచ్చింది. ఇంట్లోకి వచ్చీ రాగానే అల్లుణ్ణి మెచ్చుకుంది. బుక్కపట్నం అవ్వ వచ్చిందని చెప్పి ఓబుళప్ప ఫోన్ స్పీకర్లో పెట్టాడట. "అవ్వను ఎండలో నిలబెట్టొద్దప్పా, పంపిచ్చు" అన్నాడట అల్లుడు. ఎదురుగా ఉంటే నోట్లోంచి రెండు మాటలు రాని మనిషి ఫోన్లో ఎంత మర్యాదగా మాట్లాడాడో అని ముక్కు మీద వేలేసుకుంది. గొంతు కూడా మారిందంది. ఫోన్లో ఎవరి గొంతైనా మారుతుందిలే అన్నాను నేను.

అమ్మ వెళ్ళిపోయిన తర్వాత ఒక మధ్యాహ్నం తలుపు గడియకు ఒక కవరు తగిలించి ఉంది. అందులో గౌను. గులాబి రంగు, నడుం దగ్గర తెల్ల పూలు. కొరియర్ అతను తెచ్చాడని, సారే పైకి పంపించమన్నాడని ఓబుళప్ప కిందినుంచి చెప్పాడు. తిరుపాల్ ఎప్పుడూ అలాంటివి కొనే మనిషి కాదు. కొత్త ఉద్యోగం, మొదటి జీతం, చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను. బ్లెస్సీకి బాగా పెద్దదైంది. భుజాల దగ్గర రెండు కుట్లు వేసి తొడిగితే చాలు, ఇక విప్పనివ్వలేదు అది. ఆయన చూసి బాగుందిలే అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

ఎదురింటి మున్నీబీ పెద్దమ్మ మాత్రం ఆ గౌను చూసి నవ్వలేదు. ఆమె భర్త ఖాదర్‌వలికి బజారులో టైలర్ షాపుంది, పగలంతా ఆమె ఒక్కతే ఉంటుంది. బ్లెస్సీని దగ్గరికి పిలిచి గౌను అంచు పట్టుకుని చూసింది. ఎవరు తెచ్చారని అడిగింది. మా ఆయన అన్నాను. అట్లనా అని, ఇంకేదో అడగబోయి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వారం తిరుపాల్‌కు పొద్దున షిఫ్టు పడింది. సాయంత్రానికి ఇంట్లో ఉండేవాడు. ఒక రోజు ముద్ద తింటూ బ్లెస్సీని చూసి, "మీ అమ్మ తెచ్చిన గౌను ఎన్ని కుట్లేసినా లూజుగానే ఉండాదే" అన్నాడు.

"మా అమ్మ యాడ తెచ్చింది? నువ్వు పంపిచ్చింది కదా అది."

"నేనా? నేనేం పంపియ్యలేదు."

"మరి గేటు కాడ పైకి పంపిచ్చమని ఫోన్లో చెప్పింది నువ్వే కదా?"

ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "డ్యూటీలో నా దగ్గర ఫోన్ యాడుంటాది? లోపలికి పోయేటప్పుడే లాకర్లో పెట్టిచ్చుకుంటారు. బయటికొచ్చినాకే ఇచ్చేది. నేను ఎత్తకపోతే నిన్నే అడిగి పంపిస్తాండాడు అనుకుంటి నేను."

నన్ను ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. సిలిండర్, చుక్కలు వేసే ఆమె, మా అమ్మ, గౌను. ఒక్కొక్కటీ ఆయనకు చెప్పాను. ఫిల్టర్ల వాళ్ళను వద్దని పంపించింది కూడా మేం కాదు. ఓనరు నంబరేమోలే అన్నాడు తిరుపాల్. బెంగుళూరులో కూర్చుని ఓనరే పంపిస్తున్నాడేమో, కనుక్కుంటానన్నాడు. ఓనరుకు నా బిడ్డకు గౌను కొనేంత ప్రేమ ఎందుకుంటుందని నేను అడిగితే, చేయి కడుక్కుని తలుపు గడియ పెట్టాడు. ఆ ఇంటి పడగ్గది తలుపుకు లోపలివైపు మూడు గడియలు ఉన్నాయి. ఒక గదికి మూడు గడియలు ఎందుకని నేను మొదట్లో నవ్వుకున్నాను. ఆ పూట వాటిని చూస్తే నవ్వు రాలేదు.

పొద్దున ఆయన బస్సెక్కి వెళ్ళిన తర్వాత, కాస్త పొద్దెక్కాక బ్లెస్సీని ఎత్తుకుని గేటు దగ్గరికి దిగాను. మా ఇంటికి ఉన్న నంబరు ఎవరిదని ఓబుళప్పను అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు నవ్వాడు. సార్‌దే కదమ్మా, రోజూ మాట్లాడతాండా కదా అన్నాడు. తాను వచ్చింది కొత్త ఏజెన్సీ తరఫున అనీ, ఫోనూ అందులోని నంబర్లూ పాతవాళ్ళ నుంచి అట్లే వచ్చాయనీ మాటల్లోనే చెప్పాడు. అయితే ఒకసారి నా ముందర చెయ్యన్నా అన్నాను. గొంతు వింటే ఓనరో కాదో తెలుస్తుంది, అంతే నా ఉద్దేశం.

స్పీకర్లో పెట్టాడు. రెండోసారి మోగేలోపే ఎత్తుకున్నారు.

"ఏమప్పా, ఎవురొచ్చినారు?"

మెత్తటి గొంతు. తొందర లేని గొంతు. నేను మాట్లాడొద్దని చెయ్యి ఊపేలోపే ఓబుళప్ప ఎప్పటిలాగే మర్యాదగా చెప్పేశాడు. "ఎవురూ రాలేదు సార్. అమ్మా పాపా ఈడ గేటు కాడే ఉండారు. అమ్మే చెయ్యమన్నాది."

ఫోన్లో వెనకాల ఎక్కడో బస్సు హారన్, మనుషుల మాటలు.

"చెయ్యమన్నాదా," అన్నాడు. "సరే. లోపలికి పొమ్మను. నేను గోరంట్లలో ఉండా. వస్తాండా అని చెప్పు."

ఫోన్ పెట్టేశాడు. చూసినావా అన్నట్టు ఓబుళప్ప నా వైపు తిరిగాడు.

"అది మా ఆయన గొంతు కాదన్నా. ఓనరుది కూడా కాదు," అన్నాను.

ఆయన నవ్వు కొంచెంకొంచెంగా పోయింది. ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు, అందులో ఆ మనిషి ముఖం కనిపిస్తుందేమో అన్నట్టు. ఆ నంబరు తీసెయ్యమంటే తనకు రాదన్నాడు, అవన్నీ సెక్రటరీ రాజశేఖర్ సారే చూస్తాడట. సెక్రటరీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆయన సిమెంటు కొట్టు రైల్వే స్టేషన్ వైపు ఉంది, వెళ్ళి పిలుచుకొస్తానన్నాడు. "సుమ్నే, ఊరికే భయపడొద్దమ్మా. గోరంట్ల నుంచి రావాలంటే గంట పడుతాది. అంతలోకి వచ్చేస్తాం" అని, మెట్లు ఊడ్చే మారెమ్మను పిలిచి గేటు చూసుకోమన్నాడు. ఎవరొచ్చినా ఆ ఇంటి నంబరుకు ఫోన్ చేసి, వాళ్ళు ఊఁ అంటేనే తియ్యమని ఎప్పటి మాటే చెప్పాడు. టీవీఎస్ ఎక్కి వెళ్ళిపోయాడు. 204 సంగతి వేరుగా చెప్పాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

పైకి వచ్చేసరికి మున్నీబీ పెద్దమ్మ వరండాలో బట్టలు ఆరేస్తోంది. నేను చెప్పిందంతా విని చేతిలోని తడి దుప్పటి అట్లే బకెట్లో వేసింది. గోరంట్ల అన్నాడా అని ఒక్క ప్రశ్నే వేసింది. అవునన్నాను. మా ఇంటికి తాళం వేయించి, మమ్మల్నిద్దరినీ వాళ్ళ ఇంట్లోకి లాక్కుపోయింది. ముందు ఇనప గ్రిల్లు, దాని వెనక చెక్క తలుపు. రెండూ వేసింది.

అప్పుడు చెప్పింది. మాకంటే ముందు ఆ ఇంట్లో దుర్గాప్రసాద్ అనే ఆయన ఉండేవాడట. భార్య ఐశ్వర్య, ఐదేళ్ళ కూతురు కీర్తన. గోరంట్లలో ఏవో షాపులకు సరుకు వేసే పని. గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదట. భార్య మాత్రం గేటు దాటాలంటే పాత సెక్యూరిటీ ఆ నంబరుకే ఫోన్ చేసి అడగాలి. కూరగాయలకైనా అంతే, బిడ్డకు జ్వరమొచ్చి ఆసుపత్రికైనా అంతే. అట్లా చెప్పి పెట్టుకున్నాడు. ఆ పడగ్గదికి గడియలు ఆ అమ్మాయే వేయించుకుంది. స్నానాలగది తలుపు రెండుసార్లు కొత్తది పెట్టారు. చివరికి ఒక పొద్దున మున్నీబీ పెద్దమ్మ తన బురఖా ఇచ్చిందట. ఐశ్వర్య అది తొడుక్కుని బిడ్డను తీసుకుని, చుట్టపుచూపుకు వచ్చి పోయే మనిషిలాగ గేటు దాటింది. ఎక్కడికి పోయిందో పెద్దమ్మకు కూడా చెప్పలేదు. చెప్పొద్దని పెద్దమ్మే అన్నదట.

"ఆ బురఖా సంగతి వానికి ఇప్పటికీ తెలీదు," అంది పెద్దమ్మ. "గౌను చూసినప్పుడే నాకు అనుమానం. ఆ పాపకు అన్నీ అదే రంగు తెచ్చేవాడు. నీ కాపురం సంగతి నాకెందుకులే అని నోరు మూసుకున్న్యా."

భార్య తిరిగి వచ్చిందనుకుని వస్తున్నాడు, కాదని తెలిస్తే వెళ్ళిపోతాడు అన్నాను. నాకు నేనే ధైర్యం చెప్పుకోడానికి అన్నాను. పెద్దమ్మ బ్లెస్సీకి బిస్కెట్ ఇచ్చి లోపలి గదిలో కూర్చోబెట్టింది. పోలీసులకు ఫోన్ చేద్దామా అంటే, చేసి ఏం చెబుతావు అన్నట్టు చూసింది. నాకూ ఏం చెప్పాలో తెలియలేదు.

గంట కూడా కాలేదు. పెద్దమ్మ వాళ్ళ బాల్కనీలో ఆరేసిన చీర చాటునుంచి చూస్తున్నాను. బూడిద రంగు స్కూటర్ వచ్చి గేటు ముందు ఆగింది. సన్నటి మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో అరటిపండ్ల కవరు. మారెమ్మ లేచి, ఎవరింటికి అని అడిగినట్టుంది. ఆయన చెప్పాడు. ఆమె గదిలోంచి ఫోన్ తెచ్చి, కళ్ళు చికిలించి వెతికి, నొక్కింది.

ఆయన జేబులో ఫోన్ మోగింది. రెండో అంతస్తు దాకా వినిపించింది.

ఆయన దాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మారెమ్మకు ఎదురుగా, ఒక బారెడు దూరంలో నిలబడి, ఆమె ముఖంలోకే చూస్తూ ఫోన్లో ఏదో అన్నాడు. మారెమ్మ తన చెవి దగ్గరున్న ఫోన్‌ను ఒకసారి చూసింది, ఆయన్ను ఒకసారి చూసింది. తర్వాత గేటు తీసింది. ఆమెను నేనేమీ అనలేను. 204 నంబరు ఊఁ అంటే తియ్యమన్నారు, తీసింది.

నేను లోపలికి పరుగెత్తి బ్లెస్సీని ఒళ్ళో పెట్టుకున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు మెల్లగా వచ్చింది. ఆ ఇంటి మెట్లు అలవాటైన నడక. మా తలుపు ముందు ఆగింది. తాళం కదిలించిన చప్పుడు. ఐశ్వర్యా అని పిలుస్తాడని ఎదురుచూశాను. పిలవలేదు. చెప్పులు ఇటు తిరిగాయి.

"మున్నీబీ పెద్దమ్మా," అన్నాడు. "బుక్కపట్నం అమ్మాయి మీ ఇంట్లో ఉండాదా?"

ఆయన వచ్చింది భార్య కోసం కాదు. నేను ఎవరో తెలిసే వచ్చాడు.

మున్నీబీ పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బదులు రాకపోతే ఆయన వెళ్ళేటట్టు లేడు. తలుపు మీద వేలి కణుపుతో మెల్లగా కొడుతూనే ఉన్నాడు. కొట్టిన ప్రతిసారీ బ్లెస్సీ అదిరిపడుతోంది. ఏడుపు మొదలుపెట్టేలా ఉంది. నేను దాన్ని పెద్దమ్మకు ఇచ్చి, చెక్క తలుపు ఒక బెత్తెడు తీశాను. గ్రిల్లు తియ్యలేదు.

"ఏమన్నా, ఏం కావాలి?" అన్నాను.

ఆయన ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు, మర్యాదగా. కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్రలేని మనిషిలాగ. "భయపడొద్దమ్మా. గేటు కాడికి దిగి ఫోన్ చేయించినావంట కదా, ఏం అవసరం పడిందో అని వచ్చినా. గౌను సరిపోయిందా? కొంచెం పెద్దదైతాదని తెలుసు. మా పాప కొలతే తీసుకుంటి, వేరే కొలత నాకు తెలీదు."

"మీరెవరో మాకు తెలీదు. ఎందుకు పంపించినారు?"

"మీరు సామాను దింపిన రోజు మొదటి ఫోన్ వచ్చె. 204కు మంచం వచ్చింది సార్, పంపియ్యాల్నా అన్నాడు. నా ఇల్లు ఖాళీ చేయించినారు కదా, నన్నెందుకు అడుగుతాండాడు అనుకుంటి. అయినా పంపియ్యప్పా అంటి." ఆయన నేల చూస్తూ మాట్లాడాడు. "అయినాక రోజూ వస్తానే ఉండె. గ్యాసు వచ్చినాది పంపిస్తి. మీ అమ్మ వచ్చినాది పంపిస్తి. ఆ ఫిల్టర్లోళ్ళు మంచోళ్ళు కాదు, వద్దంటి. మీ ఆయన కంపెనీలో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. ఎవురో ఒకరు చూసుకోవాల కదా. ఇల్లన్నాక లోపల ఒక ఆడమనిషీ ఒక బిడ్డా ఉండాల, బయట ఒకడు ఉండాల."

దానికి నేనేం చెప్పాలి? కోపం వచ్చి ఉంటే బాగుండేది. తలుపు అంచును గట్టిగా పట్టుకున్నాను.

"ఒకసారి తాళం తియ్యి. ఇల్లు ఎట్ల పెట్టుకున్నావో చూసి పోతా," అన్నాడు. "నేను అక్కరలేని వాణ్ణేం కాదు కదా."

"తియ్యను," అన్నాను.

ఆయన కోప్పడలేదు. గ్రిల్లు కడ్డీని వేళ్ళతో పట్టుకున్నాడు, అంతే. పట్టుకుని అట్లే నిలబడ్డాడు. వేళ్ళ కణుపులు తెల్లబడటం నాకు కనిపిస్తోంది. కడ్డీ కిర్రుమంది. 204లో ఆ స్నానాలగది తలుపు రెండుసార్లు ఎట్లా ఊడి ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. వెనక నుంచి బ్లెస్సీ నా చీర పట్టుకుని లాగింది, పెద్దమ్మ చేతుల్లోంచి ఎప్పుడు దిగిందో.

"బ్లెస్సీ," అన్నాడు ఆయన వంగి. "అరటిపండు తింటావా?"

కింద టీవీఎస్ చప్పుడైంది. ఓబుళప్ప, వెనకాలే సెక్రటరీ పరుగున మెట్లెక్కి వచ్చారు. ఆయన కడ్డీ వదిలేశాడు. ఇంక కొట్లాటే అనుకున్నాను. సెక్రటరీ ఆయన్ను చూసి, "ఏమబ్బా దుర్గా, ఈడుండావు" అన్నాడు. ఇద్దరూ ఎరిగినవాళ్ళే. నంబరు పొరపాటున ఉండిపోయిందట, నేనే చెప్పాల్సింది, తప్పు నాదే అని దుర్గాప్రసాద్ చేతులు జోడించాడు. సెక్రటరీ ఆయన భుజం తట్టాడు. నన్ను పక్కకు పిలిచి, మంచోడేలేమ్మా, పెండ్లాం పోయినాక మనిషి అట్లయినాడు అన్నాడు. పోలీసుల మాట నేనెత్తితే, ఏమని రాసిస్తావు, మీ అమ్మను ఎండలో నిలబెట్టకుండా పంపించినాడనా అని నవ్వాడు.

నంబరు ఇప్పుడే నీ ముందరే మార్చేస్తా, రా అని అందరినీ గేటు దగ్గరికి దింపాడు. పాతది తీసేశాడు. తీసేసినట్టు ఫోన్ తిప్పి నాకు చూపించాడు కూడా. కొత్తది చెప్పమ్మా, నీదైతే మేలు అన్నాడు. చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. ఆ మనిషి స్కూటర్ మీద కూర్చుని వింటున్నాడు. ఆయన ముందు నా నంబరు ఎట్లా చెప్పను? ఎన్నేళ్ళుగానో నోటికి అలవాటైనదే చెప్పాను. తిరుపాల్ నంబరు, ఒక్కొక్క అంకే. ఓబుళప్పకు చెవి మందం, అందుకని సెక్రటరీ మళ్ళీ గట్టిగా చదివాడు. దుర్గాప్రసాద్ తల ఊపుతూ విన్నాడు. స్కూటర్ తిప్పుకుని, బ్లెస్సీకి చెయ్యి ఊపాడు. అది కూడా ఊపింది. చిన్నబిడ్డ, దానికేం తెలుసు.

నేను మళ్ళీ ఆ ఇంట్లో కూర్చోలేకపోయాను. ఏ కిటికీ దగ్గర నిలబడినా ఆయన కళ్ళతోనే చూస్తున్నట్టుండేది. గౌను విప్పేసి చెత్తబుట్టలో వేశాను, బ్లెస్సీ ఏడ్చినా వినలేదు. రెండు జతల బట్టలు సంచిలో వేసుకుని బయలుదేరాను. మొదట బుక్కపట్నం పోదామనుకున్నాను. ఆ ఊరి పేరు ఆయన నోట్లోంచి వచ్చింది గుర్తొచ్చి, తిరుపాల్ దగ్గరికే పోదామనుకున్నాను. మున్నీబీ పెద్దమ్మ ఎక్కడికని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఓబుళప్ప అడిగితే ఇక్కడే షాపుకు అన్నాను.

బస్టాండులో ప్రతి బూడిద రంగు స్కూటర్‌నూ చూశాను. ఆయన కనిపించలేదు. పెనుకొండ బస్సు కిక్కిరిసి ఉంది. బిడ్డను ఎత్తుకుని, కమ్మీకి ఆనుకుని నిలబడ్డాను. దారిలో ఎవరో రైతు దిగుతూ తన సీటు ఇచ్చేదాకా కూర్చోలేదు.

కంపెనీ గేటు బయట వేపచెట్టు కింద చాలామంది ఆటోలవాళ్ళు, టీ బండి. షిఫ్టు అయిపోయి జనం గుంపుగా వచ్చారు. తిరుపాల్ మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చాడు. బ్లెస్సీకి ఏమైందని అడిగాడు. ఏమీ కాలేదని చెప్పి, జరిగిందంతా చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది, మళ్ళీ మామూలైంది.

"వాని సంగతి రేపు నేను చూస్తా," అన్నాడు. "నంబరైతే మార్చినారు కదా. ఇంక భయం దేనికి? బస్సు ఎక్కు, ఇంటికి పోదాం."

"మన ఇంటికి ఎవరొస్తారో, నువ్వు ఎప్పుడు పోతావో, నా బిడ్డ పేరేమో, అన్నీ ఆయనకు తెలుసు. ఆయన యాడుంటాడో మనకు తెలుసా?"

కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. సీట్లు నిండుతున్నాయి. ఆయన నన్నూ బస్సునూ మార్చి మార్చి చూస్తూ, లాకర్లోంచి తెచ్చుకున్న ఫోన్ ఆన్ చేశాడు. నిమిషం కూడా కాకముందే అది మోగింది. ఎవరిదో తెలియని నంబరు. సూపర్‌వైజర్లు ఏ నంబరు నుంచైనా చేస్తుంటారు, అందుకని ఆయన ఎవరితోనైనా మర్యాదగానే మాట్లాడతాడు.

"ఆఁ, నేనే అన్నా... తిరుపాల్‌నే," అన్నాడు. కొంచెంసేపు విన్నాడు. "ఆఁ, చేరినారన్నా. ఇద్దరూ నా దగ్గరే ఉండారు." మళ్ళీ విని, "ఎవురన్నా నువ్వు?" అని అడిగాడు. ఫోన్ చెవి నుంచి తీసి చూశాడు.

"ఎవురో," అన్నాడు నాతో. "మీవాళ్ళు బస్సులో నిలబడే పోతాండ్రి, పాపం, సీటు దొరికిందో లేదో, బాగా చేరినారా అని అడిగె. పెట్టేసినాడు."

చెబుతూ చెబుతూనే ఆయనకు అర్థమైంది. ముఖంలో రంగు మారడం చూశాను.

కంపెనీ బస్సు ఇంకొకసారి హారన్ కొట్టి కదిలింది. మేమిద్దరం అక్కడే నిలబడ్డాం. రోడ్డు మీద స్కూటర్లు పోతూనే ఉన్నాయి, తలకు హెల్మెట్లు పెట్టుకున్న మగవాళ్ళు. ఒక్కరి ముఖమూ కనిపించదు. నేను బ్లెస్సీ ముఖాన్ని నా భుజం వైపు తిప్పుకుని, కొంగు కప్పాను.